బీరువా మీద వీణ

నిరుడు డిసెంబరులో మా మరిది కూతురి కూచిపూడి రంగప్రవేశం జరిగింది, ఫిల్మ్ నగర్ పక్కన ఒక ఆడిటోరియంలో. రెండున్నర గంటల కార్యక్రమంలో దాదాపు గంటన్నర సేపు నేను నిద్రతో కుస్తీ పట్టాను. నా పక్క సీట్లో కూర్చున్నావిడ పరిస్థితీ అదే. ఆవిడ తల వాలిపోవడం, ఉలిక్కిపడి లేవడం, లేచిన వెంటనే నావైపు తిరిగి "ఎంత బాగా చేస్తోందండీ!" అనడం. "అవునండీ, చాలా బాగా" అని నేననడం. అలా ఒకరి నిద్రకి ఒకరం కాపలా కాసుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మాతో పాటు నా పాత కొలీగ్ ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఇలాంటివంటే పడదు. "ఆ హాల్లో ఎవరికైనా నిజంగా నచ్చిందంటారా? అంతా షో. రేపు అమెరికా సంబంధాలొస్తే ఆల్బమ్‌లో చూపించుకోవడానికి" అన్నాడు. నా మనసులో ఉన్న మాటే అన్నాడు కదా, మరి నాకెందుకో చురుక్కుమంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. వదలకపోవడానికి కారణం మా పడగ్గదిలో బీరువా మీద ఉంది. పాత దుప్పటి చుట్టిన నా వీణ.

ఆ వీణ కథ చెప్పాలంటే 1980 దగ్గరికి పోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలైంది. నాకప్పుడు పన్నెండేళ్లు. కాకినాడలో మా నాన్న ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు. అంతకుముందు ఆయన పాట వినగా నేనెప్పుడూ చూడలేదు. పెద్ద హీరో లేని సినిమా, ప్రభుత్వోద్యోగం చేసుకునే జె.వి. సోమయాజులు గారు ప్రధాన పాత్ర. మొదట్లో పెద్దగా జనం లేరని, ఆ నోటా ఈ నోటా పడి హాళ్లు నిండాయని ఆ రోజుల్లో అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ పాటలకి బాలసుబ్రహ్మణ్యం గారికీ, వాణీ జయరాం గారికీ, సంగీతం చేసిన కె.వి. మహదేవన్ గారికీ జాతీయ అవార్డులొచ్చాయి. బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. ఈ ముక్క అప్పట్లో మా నాన్నకెవరైనా చెప్తే నమ్మేవాడు కాదు. ఆయన దృష్టిలో అది సినిమా పాట కాదు, 'సంగీతం'.

సినిమా అయిన రెండు నెలలకి మా ఇంటికి వీణ వచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించింది. ఒకే పనస మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణ. ఇరవై నాలుగు మెట్లు, ఏడు తీగలు, చివర యాళి ముఖం. మా వీధిలో అప్పటికి ఎవరింట్లోనూ టీవీ లేదు, కాబట్టి అందరూ వచ్చి మా వీణనే చూసిపోయారు. చిట్టిబాబు గారు పుట్టిన ఊరు మాది. నాన్న ప్రతివాళ్లతోనూ ఆ మాట అనేవాడు, ఏదో వాళ్లు మా మేనత్త తాలూకు అన్నట్టు. నన్ను అడిగింది మాత్రం ఎవరూ లేరు, నీకు ఇష్టమేనా అని.

నాకు పాఠం చెప్పడానికి కోనసీమ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ కుదిరింది. ఆవిడ వేళ్లు చూస్తే బెండకాయల్లా సన్నగా, చివర్లు మాత్రం కాయలు కాసి రాయిలా ఉండేవి. ఆవిడ ఏ ఇంటి మనిషో అమ్మ మొదటి రోజే కనిపెట్టేసింది. వరండాలో ఆవిడ కోసం విడిగా ఒక గాజు గ్లాసు ఉండేది. కాఫీ తాగి ఆవిడే కడిగి బోర్లించేది. 'ఆ మేళాల వాళ్లు' అని అమ్మ పిన్నితో గుసగుసగా అనడం విన్నాను. కళావంతుల కుటుంబం అని నాకు అర్థమవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. చదువు చెప్పే చెయ్యి కావాలి, ఆ చెయ్యి పట్టుకున్న గ్లాసు వద్దు. ఇది అప్పట్లో మాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తొమ్మిదేళ్లు నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, గీతాలు, వర్ణాలు, ఓ ముప్ఫై దాకా కృతులు. 1989లో, నాకు ఇరవై ఒకటో ఏట, పెళ్లిచూపుల్లో వీణ వాయించమన్నారు. మూడు నాలుగు నిమిషాలు వాయించాను. పెళ్లికొడుకు నేలచూపులు చూస్తున్నాడు. ఆడపడుచు వాచీ చూసుకుంది. కాబోయే మామగారు "చాలమ్మా, చాలు" అన్నారు. ఆ రెండు 'చాలు'లతో నా తొమ్మిదేళ్ల చదువు పూర్తయింది. 'శంకరాభరణం'లో కూడా పెళ్లిచూపులున్నాయి, గుర్తుందా? కూతురు పాడుతూ పాడుతూ పరధ్యానంలో స్వరం తప్పుతుంది. తండ్రి పేరు పెట్టి గట్టిగా అరుస్తాడు. హాలంతా ఆ అరుపుకి చప్పట్లు కొట్టింది. పెళ్లికొడుకుని చూసి పిల్ల మనసు కదిలింది, అందుకు స్వరం కదిలింది. సంగీతమంటే అదే కదా! కానీ ఆ సన్నివేశంలో సంగీతం తండ్రి గౌరవానికి సంబంధించినది, పిల్ల మనసుకి కాదు. నాకు అది నలభై ఏళ్ల తర్వాత టీవీలో మళ్లీ చూసినప్పుడు గానీ తట్టలేదు.

పెళ్లయ్యాక వీణ సారెతో పాటు అత్తగారింటికి వెళ్లింది. బిందెలు, మంచం, బీరువా, వీణ. మధ్యాహ్నం మామగారు పడుకుంటారు, సాయంత్రం పిల్లలు చదువుకుంటారు, పొద్దున పనే సరిపోతుంది. రోజులో వీణకి పట్టే గంట ఎక్కడా దొరకలేదు. నాలుగో నెలలో అది బీరువా ఎక్కింది. అక్కడే ఉండి మా అందరికీ పరువు సంపాదించి పెట్టింది. ఎవరైనా ఇంటికొస్తే మా అత్తగారు పైకి చూపించి, "మా కోడలికి వీణ వచ్చండీ" అనేది. ఆవిడ నా వీణ ఒక్కసారీ వినలేదు. వినాలని అడగలేదు. వచ్చినవాళ్లూ "అలాగా, సరస్వతీ కటాక్షం" అనేవారే తప్ప వాయించమనలేదు. వాయించని వీణకి ఉన్న మర్యాద వాయించే వీణకి ఉండదేమో అనిపించేది.

కాబట్టి నా కొలీగ్ అన్న మాట నాకు కొత్త కాదు. పెద్ద కళ పేరుతో మనవాళ్లు పోగుచేసుకునేది హోదా అని నాకు తెలుసు. ఆ హోదాకి నేనే ఒక వస్తువుని. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1960లలో 1,217 మందిని ప్రశ్నలడిగి, ఎవరికి ఏ బొమ్మలు, ఏ సంగీతం, ఏ తిండి ఇష్టమో రాబట్టి, 1979లో 'డిస్టింక్షన్' అని పెద్ద పుస్తకం రాశాడు. మనం అభిరుచి అనుకునేది చాలావరకు మన వర్గమూ చదువూ మనలో పెంచినదే అనీ, మనం తక్కువవాళ్లం కాదని చెప్పుకోవడానికి అది పనికొస్తుందనీ ఆయన వాదన. కాలేజీలో ఉన్నప్పుడు ఆ పుస్తకం గురించి విని, ఆంగ్లంలో కొంత చదివాను. చదువుతుంటే ప్రతి పేజీలో మా నాన్న కనపడ్డాడు. కానీ ఆ లెక్కల్లో మా అత్తగారిని ఏ గడిలో వేయాలో నాకు తోచలేదు. నన్ను ఏ గడిలో వేసుకోవాలో అంతకన్నా తోచలేదు.

ఎందుకంటే మా అత్తగారికి పాటలొచ్చు. చిక్కుడుకాయలు వలుస్తూ, బియ్యం ఏరుతూ పాడుకునేది. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు లాంటివి. రాముడు అడవికి పోయిన పధ్నాలుగేళ్లూ నిద్రపోయిన ఊర్మిళ దగ్గరికి లక్ష్మణుడు తిరిగొస్తే, ఎవరో పరాయి మగాడనుకుని ఆమె భయపడే ఘట్టం దగ్గర ఆవిడ గొంతు సన్నగా వణికేది. ఎన్నిసార్లు పాడినా అక్కడ ఆగి ముక్కు చీదుకునేది. అది హోదా కోసం కాదు, ఎందుకంటే వినేవాళ్లే లేరు. వీధి తలుపు చప్పుడైతే చాలు, ఠక్కున ఆపేసేది. ఆపేసి, వచ్చినవాళ్లకి బీరువా మీది వీణ చూపించేది.

ఇందులో నా పాత్ర కూడా చెప్పాలి. నేను ఆ పాటలు విని నవ్వేదాన్ని. ఆవిడ శ్రుతి నిలవదు, పాట మొత్తం ఒకే వరసలో నాలుగైదు స్వరాల మధ్య తిరుగుతుంది. "అత్తయ్యగారూ, మీరు పైస్థాయికి వెళ్లినప్పుడల్లా శ్రుతి జారిపోతోంది" అన్నానొకసారి, నా చదువంతా ఉపయోగించి. ఆవిడ చిన్నబోయి, "మావి పాటలేంటిలే అమ్మా, ఏదో పని సాగడానికి" అంది. ఆ తర్వాత నేను వంటింట్లో ఉండగా ఆవిడ పాడలేదు. వీణ మూలపడేసిన ఇంటిమీద నాకున్న కోపాన్ని నేను తీర్చుకున్నది ఆ ఇంట్లో నిజంగా పాడే ఒకే ఒక్క మనిషి మీద.

పెద్ద కళని జనం నిజంగా ఇష్టపడతారా, నటిస్తారా అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం ఒకవైపే చూస్తాం. నచ్చనిది నచ్చినట్టు నటించేవాళ్లనే పట్టుకుంటాం. వాళ్లని పట్టుకోవడం తేలిక, సరదా కూడా. నచ్చినదాన్ని నచ్చలేదన్నట్టు దాచుకునేవాళ్ల సంగతి ఎవరూ అడగరు. ఆ దాచుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లేనని నా అనుమానం.

నా సంగతే చూడండి. తొమ్మిదేళ్ల పాఠాల్లో నాకు నిజంగా ఆనందం కలిగిన రోజులు లేవా? ఉన్నాయి. ఒక వానాకాలం మధ్యాహ్నం అమ్మ ఏదో పేరంటానికి వెళ్లింది. పంతులమ్మగారు తలుపు దగ్గరగా వేసి, "ఈ పూట నీకొకటి చెప్తాను, పుస్తకంలో రాసుకోకు" అని ఒక క్షేత్రయ్య పదం ఎత్తుకుంది. నెమ్మదిగా, అసలు కదులుతోందా లేదా అన్నంత నెమ్మదిగా. ఒక చోట సారణి తీగని పక్కకి లాగి మూడు స్వరాలు ఒకే మీటు మీద పలికించింది. నన్నూ లాగమంది. లాగాను. నా వేలి కింద తీగ అలా సాగి ఆ స్వరాన్ని అందుకున్నప్పుడు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అర్థం అడిగితే, "ఇంటికి రాని మగాడి మీద కోపంలే, నీకు తర్వాత తెలుస్తుంది" అని నవ్వింది. అంతలో అమ్మ వచ్చేసింది. గుమ్మంలోనే నిలబడి, "ఆ పాటలు మనింట్లో వద్దండీ, కీర్తనలు చెప్పండి చాలు" అంది. ఆవిడ ఏమీ అనలేదు, వీణ మీద గుడ్డ కప్పి గ్లాసు కడగడానికి లేచింది.

ఆ మధ్యాహ్నం గురించి నేనెవరికీ చెప్పలేదు. అందులో నాకు కలిగిన సంతోషం తప్పు పనిలా అనిపించింది. సంగీతం ఉండాలి, పెళ్లికి అక్కరకొస్తుంది. అందులో సుఖం మాత్రం ఉండకూడదు. ఉన్నా కనపడకూడదు.

ఇక నిరుటి రంగప్రవేశానికి వస్తాను. మా పిల్ల ఆ రోజు ఒక క్షేత్రయ్య పదం కూడా అభినయించింది. ముందుగా వ్యాఖ్యాత మైకు పట్టుకుని ఆంగ్లంలో ఇది పరమాత్మ కోసం జీవాత్మ పడే తపన అని వివరించింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఆపించిన పాటల కోవకి చెందినదే ఇది. ఇప్పుడు దానికి జ్యోతి ప్రజ్వలన ఉంది, ముఖ్య అతిథి ఉన్నాడు, పట్టు శాలువా ఉంది, ఓ మాదిరి పెళ్లికయ్యే ఖర్చు ఉంది. నలభై ఏళ్లలో పాట మారలేదు. దాన్ని పట్టుకున్న చేతులు మారాయి.

ఈ చేతులు మారడం వెనక పెద్ద చరిత్రే ఉంది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని వీరేశలింగం గారు బూతని, రాసింది వేశ్య అని తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని సరిగ్గా పరిష్కరించి వావిళ్లవారి చేత అచ్చు వేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం దానిమీద పడింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా నిషేధం తొలగలేదు. అదే నాగరత్నమ్మ తన సంపాదన పోసి తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించింది, ఆడవాళ్లు అక్కడ పాడకూడదంటే పోట్లాడింది. ఈనాడు త్యాగరాజ ఆరాధనలో గొంతు కలిపే మర్యాదస్తుల ఇళ్ల ఆడపిల్లలందరూ ఒక కళావంతురాలు గెలిచిన చోట కూర్చుని పాడుతున్నారు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం గుళ్లో అంకితాలనీ నాట్యాన్నీ ఆపింది. 1956లో మన ఆంధ్రలో దాన్ని ఇంకా బిగించి పెళ్లిళ్లలో మేళాలను కూడా ఆపేశారు. ఆ వ్యవస్థ పోవాల్సిందే, అందులో ఆడపిల్లల నరకం ఎంతో ఉంది. కానీ దానితో పాటు ఆ స్త్రీల బతుకుతెరువు పోయింది, వాళ్ల చేతిలో ఉన్న విద్యకి విలువ పోయింది. మరోవైపు, తరతరాలుగా మగవాళ్లే ఆడవేషాలు కట్టిన కూచిపూడిలోకి వెంపటి చినసత్యం గారి లాంటివాళ్లు ఆడపిల్లలను తీసుకొచ్చారు. 1963లో ఆయన మద్రాసులో పెట్టిన అకాడమీ నుంచి అది దేశదేశాలకి పాకింది. చట్టం వాకిట్లోంచి గెంటిన నాట్యం ఒకటి, సాదరంగా హాల్లోకి పిలిచిన నాట్యం ఇంకొకటి. నటరాజ రామకృష్ణ గారు ఆ స్త్రీల దగ్గర మిగిలినది పోగుచేసి ఆంధ్రనాట్యంగా నిలబెట్టకపోతే, స్వప్నసుందరి గారు 1990లలో వాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని విలాసినీ నాట్యంగా చూపించకపోతే, మనకి ఆ మాత్రమూ దక్కేది కాదు.

మళ్లీ 'శంకరాభరణం' గుర్తొస్తుంది. అందులో తులసి వేశ్య కూతురు, సంగీతమంటే ప్రాణం. సినిమా మొత్తంలో అందరికన్నా ఎక్కువగా ఆ పాటని ప్రేమించింది ఆమే. కానీ వారసత్వం ఆమె కొడుకుకి అందుతుంది, ఆమె గురువు పాదాల దగ్గర ప్రాణం వదిలేస్తుంది. ప్రేమించడం ఒకరి వంతు, గౌరవం అందుకోవడం ఇంకొకరి వంతు.

మేము టోలిచౌకికి వచ్చి ముప్ఫై ఏళ్లవుతోంది. మా మేడ మీద నిలబడితే ఒకవైపు కొండ మీద ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ దీపాలు, ఇంకోవైపు కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు. చుట్టాలు ఎక్కడుంటున్నారని అడిగితే మా ఆయన ఇప్పటికీ "ఫిల్మ్ నగర్ పక్కన" అంటాడు. "టోలిచౌకి" అంటే ఎదుటివాళ్ల మొహంలో ఒక చిన్న మార్పు వస్తుంది, అది ఆయనకి ఇష్టం ఉండదు. అభిరుచికే కాదు, అడ్రసుకీ కులం, మతం ఉంటాయి.

ఆ గుమ్మటాల మధ్య, నవాబుల సమాధుల పక్కనే, అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు నాట్యకత్తెలు తారామతి, ప్రేమామతి సమాధులు కూడా ఉన్నాయి. రాజుల పక్కన పాటగత్తెలకి చోటిచ్చిన శ్మశానం అది. అక్కడికి కాస్త దూరంలో ఇబ్రహీంబాగ్ గుట్ట మీద తారామతి బారాదరి. పన్నెండు ద్వారాల ఆ మండపంలో తారామతి పాడితే గోల్కొండ కోటలో సుల్తానుకి వినపడేదని కథ. ఇప్పుడక్కడ టూరిజం శాఖ వారి ఆడిటోరియం ఉంది, నాట్య ప్రదర్శనలు జరుగుతుంటాయి. క్షేత్రయ్య గోల్కొండ దర్బారుకి వచ్చాడని చెప్తారు. కూచిపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చింది తానీషా అని చెప్తారు. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఇంత చరిత్ర పెట్టుకుని మేము 'సంగీతం' కోసం ఎటో చూస్తూ వచ్చాం.

మా కింది ఫ్లోర్‌లో ఒకావిడ ఉంటుంది. నేను 'ఆపా' అంటాను, ఆవిడ నన్ను 'టీచరమ్మా' అంటుంది. ఆవిడ టైలరింగ్ చేస్తుంది. జూబ్లీహిల్స్ బొటిక్‌లకి మగ్గం పని అయిన జాకెట్లు కుట్టిస్తుంది, డ్యాన్సు పిల్లలకి పట్టుచీరలు కత్తిరించి, ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లతో డ్రెస్సులు కుడుతుంది. మా పిల్ల రంగప్రవేశానికి నాలుగు డ్రెస్సులూ ఆవిడ కుట్టినవే. మిషన్ పక్కన పాత టేప్‌రికార్డర్ పోయి ఇప్పుడు ఫోను వచ్చింది గానీ, అందులో మోగేది మారలేదు. బేగం అఖ్తర్ గజళ్లు. ఒక్కోసారి మిషన్ ఆగిపోయి, పాట ఒక్కటే వినపడుతుంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటోందని మెట్ల మీద నుంచే తెలుస్తుంది. ఇది శాస్త్రీయమా, లలితమా, పెద్దదా, చిన్నదా అని ఆవిడ ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

కొలతలు సరిచూడటానికి పైకి వచ్చినప్పుడు ఆవిడ బీరువా మీదికి చూసి, "అదేంటి టీచరమ్మా, దుప్పటి చుట్టుంది?" అంది. వీణ అన్నాను. "ఎవరిది?" "నాదే." "మరి వాయించరా?" ముప్ఫై ఏడేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. పెళ్లయ్యాక కుదరలేదన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, బేగం అఖ్తర్ సంగతి చెప్పింది. 1945లో ఒక బారిస్టరుని పెళ్లి చేసుకుంది, మర్యాదస్తుల ఇల్లు కాబట్టి పాడటం మానేసింది. దాదాపు అయిదేళ్లు పాడలేదు. మనిషి మంచాన పడింది. ఇక పాడితే తప్ప బతకదని తేలాక, 1949లో లక్నో రేడియోకి వెళ్లి మళ్లీ పాడింది. "బీమారీ ఏం లేదు టీచరమ్మా, పాట లోపల ఉండిపోయింది, అంతే" అంది ఆపా, సూదికి దారం ఎక్కిస్తూ.

నాకు అలాంటి జబ్బు రాలేదు. నేను బేగం అఖ్తర్‌ని కాను, తొమ్మిదేళ్లు నేర్చుకుని ఆపేసిన మామూలు మనిషిని. కానీ రంగప్రవేశం అయిన వారానికి వీణ దింపాను. తీగలు తుప్పు పట్టాయి. మెట్లు నిలిపే మైనం ఎండకి కరిగి, చలికి బిగిసి, మెట్లన్నీ వంకర్లు పోయాయి. మేళం కట్టించడానికి మనిషిని వెతకడానికే నెల పట్టింది. మా ఆయన "ఈ వయసులో ఎందుకు? ఎవరు వింటారు?" అన్నాడు. చెడ్డ మనిషి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. వీణ ఎవరో వినడానికి కాకుండా ఇంకెందుకైనా ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు, ఒక్క పంతులమ్మగారు తప్ప.

మా కొలీగ్‌కి ఇప్పుడు జవాబు చెప్పగలను. హాల్లో సగం మంది హోదా కోసమే వచ్చారు, నిజమే. వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ హోదా కోసం నేర్పించిన చోట కూడా ఒక్కోసారి తలుపు దగ్గరగా వేసిన ఒక మధ్యాహ్నం దొరుకుతుంది. నాన్న నన్ను వీణ దగ్గర కూర్చోబెట్టింది తన పరువు కోసమే, కానీ నా వేలి కింద సాగిన స్వరం నాన్నది కాదు. ఇష్టం పుట్టుకతో రాదు, దానికి తీరిక కావాలి, నేర్పే మనిషి కావాలి, అలవాటు కావాలి. ఇవి ఎవరికి దొరుకుతాయన్నది అధికారం తేలుస్తుంది. అందుకని దొరికినవాళ్ల ఆనందం అంతా అబద్ధమనలేం, దొరకనివాళ్లకి రుచి లేదనీ అనలేం. ఇంకోమాట. "అంతా షో" అనడంలోనూ ఒక హోదా ఉంది. అందరూ బుకాయిస్తున్నారు, నేనొక్కడినే నిజం చూస్తున్నాననే హోదా. ఆయన ఎంత చెప్పినా, హాల్లో తెర పక్కన నిలబడి తను కుట్టిన కుచ్చిళ్లు ఎలా విచ్చుకుంటున్నాయో కళ్లార్పకుండా చూస్తున్న ఆపాని ఆయన గమనించలేదు. ఆ రాత్రి ఆ నాట్యాన్ని మొత్తం చూసిన ప్రేక్షకురాలు బహుశా ఆవిడే.

మా పిల్ల పదిరోజుల తర్వాత మా ఇంటికొచ్చింది. ఇంక డ్యాన్సుకి సెలవట, చదువు ఎక్కువైందట. వీణ చూసి ముచ్చటపడింది. తర్వాత ఉన్నట్టుండి, "పెద్దమ్మా, నిజం చెప్పు. నా ప్రోగ్రాం నీకు నచ్చిందా?" అని అడిగింది. "చాలా బాగా చేశావమ్మా" అనడానికి నోరు తెరిచి, ఆగాను. "పదం నచ్చింది. అక్కడ నువ్వు అతని కోసం చూసి, ఇక రాడని తెలిసి, పువ్వులు తీసేసే చోట నాకు కడుపులో దేవినట్టయింది. మిగతాదంతా నిద్రొచ్చింది" అన్నాను. అది పగలబడి నవ్వింది. "నాకు కూడా! తరంగంలో పళ్లెం మీద నిలబడ్డప్పుడు పడిపోతానేమోనన్న భయం తప్ప ఏం లేదు. పదం ఒక్కటే నేను నాకోసం చేసుకున్నాను" అంది. ఏడేళ్లలో మేమిద్దరం ఆ విద్య గురించి మాట్లాడుకున్న మొదటి నిజం అది. మళ్లీ చేస్తుందో లేదో తెలీదు, నేను అడగలేదు.

రోజూ మధ్యాహ్నం గంటసేపు వాయిస్తున్నాను. వేళ్లు మొద్దుబారాయి, కృతులు సగం మర్చిపోయాను. కింద ఆపా మిషన్ ఒక్కోసారి ఆగుతుంది, నా వీణ కోసమో, దారం తెగిందో తెలియదు. పంతులమ్మగారి పదం చాలావరకు గుర్తుంది, పుస్తకంలో రాసుకోలేదు కాబట్టే గుర్తుందేమో. నన్ను ఇబ్బంది పెడుతున్నది వేరే పాట. మా అత్తగారి ఊర్మిళ పాట వరస పట్టుకోవాలని ప్రయత్నిస్తున్నాను. నాలుగైదు స్వరాలే కదా అని నవ్విన పాట. ఆ స్వరాలు వీణ మీద దొరుకుతున్నాయి, కానీ ఆవిడ గొంతు వణికే చోట ఏదో జరిగేది, అది ఏ మెట్టు మీదా పలకడం లేదు. ఆవిడ 2009లో పోయింది. ఆడపడుచుల్ని అడిగాను. అమ్మ పాడేదా అని వాళ్లు ఆశ్చర్యపోయారు.